చేతిపని సందేహాలు: పిల్లి తిరిగే ఇంట్లో నగల పని

ప్రశ్న: పట్టుదారం గాజులు, బుట్టకమ్మలు చేసి అమ్ముతుంటాను. నిన్న మా పిల్లి జానెడు దారం మింగేసింది. మలంలో అదే పోతుందిలే, కాస్త ఆముదం పట్టించు అంటున్నారు మా అత్తయ్య. పట్టించవచ్చా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దండీ. ఆముదం గానీ, నెయ్యి గానీ, కక్కించడానికి ఉప్పునీళ్ళు గానీ ఏదీ పట్టించకండి. ఇది చదివేసరికి చూపించకపోయి ఉంటే ముందు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి.

పిల్లి నాలుక మీద ఆకురాయిలా గరుకుగా ఉండే ముళ్ళు గొంతువైపు వంగి ఉంటాయి. అందులో చిక్కిన దారాన్ని పిల్లి ఉమ్మాలనుకున్నా ఉమ్మలేదు, లోపలికి మింగాల్సిందే. దారం ఒక కొస నాలుక కిందో, పొట్ట చివరో తట్టుకుంటే మిగతా భాగాన్ని పేగు ముందుకు లాగుతూనే ఉంటుంది. లంగా నాడా లాగితే నేఫా కుచ్చిళ్ళు పడుతుంది చూడండి, పేగు అలాగే ముడతలు పడుతుంది. బిగిసిన దారం పేగును కోసేస్తుంది కూడా. ఏ హానీ లేకుండా బయటికి పోయే సందర్భాలు ఉన్నాయి. కానీ ఏది పోతుందో, ఏది ఇరుక్కుంటుందో ఇంట్లో కూర్చుని చెప్పలేం.

వాంతులు, తిండి మానేయడం, చొల్లు కారడం, మంచం కింద ముడుచుకుని పడుకోవడం మొదటి గుర్తులు. ఇవి కనిపించడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. నోట్లోంచో, వెనక నుంచో దారం కొస కనిపిస్తే దాన్ని మాత్రం లాగకండి. లోపల పేగు తెగుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు అదే దారం ముక్క ఒకటి పట్టుకెళ్ళి ఎంత పొడవు పోయిందో చెప్పండి. సూది ఉంటే ఎక్స్‌రేలో కనబడుతుంది. ఉత్త దారం కనబడదు. అందుకే స్కానింగ్ అవసరమా అన్నది మీరు చెప్పేదాన్ని బట్టి కూడా ఉంటుంది.

ఇక పని సంగతి. మీటరు పోగుల కట్టను ఒళ్ళో వేలాడదీసుకుని చుడితే ఆ కదలికే పిల్లిని పిలుస్తుంది. కట్టను అట్టముక్కకు చుట్టి, బట్టల క్లిప్పు పెట్టి, బెత్తెడు చొప్పున వదులుకుంటూ గాజుకు చుట్టండి. కత్తిరించిన కొసలు నేల మీద కాకుండా మూత ఉన్న డబ్బాలో పడాలి. సూదులు తీసేటప్పుడు ఎన్నో, పెట్టేటప్పుడూ అన్నే ఉండాలి. పూసలు గుచ్చే ఎలాస్టిక్ దారం మరీ ప్రమాదం, దాన్ని బీరువాలోనే ఉంచండి. పనికి కూర్చునే ముందు పది నిమిషాలు ఆడించి అన్నం పెడితే చాలా పిల్లులు నిద్రపోతాయి. మీ పక్కనే ఖాళీ అట్టపెట్టె ఒకటి పెడితే అందులోనే పడుకుంటాయి కూడా.

ప్రశ్న: దువ్వినప్పుడు వచ్చే పిల్లి బొచ్చుతో పూసలు చేయవచ్చని విన్నాను. రెండుసార్లు ప్రయత్నిస్తే ఉండ మధ్యలో పగుళ్ళొచ్చి విడిపోయింది. ఎక్కడ తప్పు జరుగుతోంది?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మొదట్లోనే గట్టిగా నొక్కి ఉంటారు. పగుళ్ళు రావడానికి ఎక్కువగా అదే కారణం.

ముందు బొచ్చు ఏరుకోవాలి. పైన నిగనిగలాడే నిటారు వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకోవు, పూసలోంచి ముళ్ళలా పొడుచుకొస్తాయి. వాటిని తీసేసి, అడుగున ఉండే దూదిలాంటి మెత్తని నూగు మాత్రం ఉంచండి. పర్షియన్ పిల్లికి ఈ నూగు బాగా వస్తుంది. మన వీధి పిల్లులకు తక్కువ కాబట్టి కొన్ని వారాలపాటు కాగితపు సంచిలో దాచుకోవాలి. పిల్లి ఒంటి మీద గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చలుంటే ఆ బొచ్చు అస్సలు వాడకండి. అది తామర అయ్యుండవచ్చు. మనుషులకూ అంటుకుంటుంది, ఆ బొచ్చులో నెలల తరబడి బతికే ఉంటుంది. మెడ మీద గోమార్ల మందు వేసిన రోజుల్లో వచ్చిన బొచ్చూ పనికిరాదు.

నూగును పలుచని బట్టసంచిలో వేసి గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, నలపకుండా జాడించి ఆరబెట్టండి. నలిపితే అక్కడే అట్టకడుతుంది. తర్వాత చేత్తో విడదీసి పలుచని పొరలు చేసుకోండి. పిల్లి నూగు పొట్టిగా ఉంటుంది కాబట్టి లోపల గొర్రె ఉన్ని ఉండ పెట్టి, దాని మీద ఈ పొరలు ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా నాలుగైదు చుట్టండి. బత్తాయంత వదులు ఉండ చివరికి పెద్ద రేగుపండంత అవుతుంది.

చేయి ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి ఉండను ముంచండి. మొదటి ఐదు నిమిషాలు అరచేతుల మధ్య అది బరువే లేనట్టు దొర్లించాలి. పైన చర్మంలాంటి పొర కట్టాకే ఒత్తిడి పెంచండి. మరో పది నిమిషాలకు గట్టిపడుతుంది. పొర కట్టకముందే నొక్కితే ఉండ మడత పడి, ఆ మడతే పగులుగా మిగిలిపోతుంది. అప్పుడు ఇంకో పలుచని పొర చుట్టి మళ్ళీ దొర్లిస్తే సరిపోతుంది. చన్నీళ్ళలో సబ్బంతా పోయేలా జాడించి, లోపలి తేమ ఆరేదాకా రెండు రోజులు గాలికి ఉంచండి. బెజ్జం ఆరిన తర్వాతే, లావు సూదితో వేయాలి.

ఈ పూసలు బాగా తేలిక. గాజుపూసలతో కలిపి గుచ్చితే బరువుకు దండ ఒకవైపు జారుతుంది. ఏటికొప్పాక అంకుడు కర్ర పూసలు వీటికి చక్కని జోడీ. అమ్మేటట్టయితే పిల్లి బొచ్చు అని స్పష్టంగా చెప్పండి. ఎంత ఉతికినా అలర్జీ ఉన్నవారికి పడకపోవచ్చు.

ప్రశ్న: టెర్రకోటతో పిల్లి ముఖం లాకెట్లు చేస్తున్నాను. చెవులు ఊడిపోతున్నాయి. కాల్చాక కొన్ని నల్లగా వస్తున్నాయి.
– ఓ పాఠకుడు, కడప

జవాబు: ముఖం పచ్చిగా, చెవులు కొంచెం ఆరి ఉన్నప్పుడు అతికిస్తే ఆరేకొద్దీ రెండూ వేర్వేరుగా ముడుచుకుంటాయి, అతుకు వదిలేస్తుంది. రెండింటినీ ఒకే తడిలో ఉంచి, అతికేచోట సూదితో గీతలు గీసి, అదే మట్టితో చేసిన చిక్కని జావ రాసి నొక్కండి. చెవి మొన పలుచనైతే ముందే ఆరి విరుగుతుంది, కొంచెం గుండ్రంగానే వదలండి. ఒకరోజు తడిగుడ్డ కప్పి ఉంచి, తర్వాత నాలుగైదు రోజులు నీడలో ఆరనివ్వండి. కొక్కెం బెజ్జం అనుకున్నదానికన్నా కాస్త పెద్దగా వేయండి, మట్టి ముడుచుకుంటే అదీ చిన్నదవుతుంది.

నలుపు పొగ వల్ల వస్తుంది. ఊకలో పూడ్చేస్తే గాలి అందక మసి మట్టిలోకి ఇంకుతుంది. లాకెట్లను చిన్న మట్టికుండలో పెట్టి, చుట్టూ పిడకలు పేర్చి, గాలి ఆడేలా సందులు వదలండి. మొదటి గంట సన్నని మంటే ఉండాలి. లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరైతే ముక్కలు పేలిపోతాయి. తెల్లారేదాకా కుండ తెరవకండి. నల్లబడ్డవాటిని గాలి బాగా తగిలేలా మళ్ళీ కాలిస్తే ఎర్రబడతాయి. కాలిందో లేదో తెలియాలంటే గోటితో తట్టండి, ఖంగుమనాలి.

ప్రశ్న: పండక్కి మా పిల్లికి ముత్యాల గొలుసు చేయాలనుంది. కొలత ఎంత?
– ఓ పాఠకురాలు, షార్లెట్

జవాబు: పిల్లికి పూసల గొలుసు వద్దు. దారం తెగితే పూసలు మింగుతుంది, తెగకపోతే కిటికీ చువ్వకు తగులుకుని ఉరి పడుతుంది. ఒక అంగుళంలో మూడోవంతు వెడల్పున్న మెత్తని పట్టు రిబ్బను తీసుకుని, గట్టిగా లాగితే దానంతటదే ఊడిపోయే పిల్లుల బకిల్ కుట్టండి. మెడ కొలతకు రెండు వేళ్ళు దూరేంత వదులు కలపండి. ముత్యాల బదులు రిబ్బను మీద చిన్న కుట్టుపువ్వు వేస్తే చాలు, అదీ వెనక ముడులు లేకుండా.