పెరటాసి ఒక్కపొద్దుల గురించి చిన్నికి

తిరుపతి

చిన్నీ,

పెరటాసి (తమిళుల లెక్కలో స్వామికి ఇష్టమైన నెల) శనివారాలన్నీ ఒక్కపొద్దు ఉంటావని, మూడో వారం అలిపిరి మెట్లెక్కుతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమే. ముప్పై ఏళ్లుగా ఉంటున్నదాన్ని, నాలుగు మాటలు చెబుతా విను.

ఒక్కపొద్దంటే తిండి మానడమేగానీ నీళ్లు మానడం కాదు. అది నాకు మెట్లదారిలో నిటారుగా ఉండే మోకాళ్ల మిట్ట దగ్గర తెలిసొచ్చింది. ఓ ఏడు పంతానికి పోయి గుక్కెడు నీళ్లు ముట్టకుండా ఎక్కాను. గాలిగోపురం దాకా బాగానే ఉన్నా. మిట్ట దగ్గరికొచ్చేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, పిక్కలు పట్టేశాయి, ముందు పోతున్నావిడ చీర అంచు రెండుగా కనిపించింది. ఎవరో మహాతల్లి ఉప్పేసిన మజ్జిగ తాగిస్తే అరగంటకి లేచాను. 3,550 మెట్లమ్మా అవి, దగ్గర దగ్గర తొమ్మిది కిలోమీటర్లు. చెమటలో నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది. నన్నడిగితే ఒక్కపొద్దు నాడు మెట్ల జోలికే పోవద్దంటా, ఇంకోరోజు తిని ఎక్కు. స్వామి ఎక్కడికి పోతాడు?

శుక్రవారం రాత్రి రాగిసంగటి, పప్పు తిను, నిదానంగా అరుగుతాయి. పరగడుపున కాఫీ మీద కాఫీ తాగొద్దు, కడుపులో మంటే మిగులుతుంది. తళిగ, అదే స్వామికి పెట్టే నైవేద్యం, వేశాక నేరుగా వడల మీద పడకు. ముందు కాస్త మజ్జిగ, రెండు ముద్దల పెరుగన్నం, ఆ తర్వాతే పులిహోర.

అసలు సంగతి అల్లుడిది. షుగరు మాత్రలు వేసుకుంటూ ఆయన కూడా ఉంటానన్నాడట. వారం ముందే డాక్టర్ని అడగకుండా ఉండనివ్వకు. కొన్ని మాత్రలు మనం తిన్నా తినకపోయినా షుగరును దించుతూనే ఉంటాయి, ఇన్సులిన్ సంగతి సరేసరి. మీ పెదనాన్న ఓసారి మాత్ర వేసుకుని తళిగ కోసం ఆగారు. పదకొండింటికి ఉత్తపుణ్యానికి నామీద కేకలేశారు. ఆకలికి కోపమనుకున్నా. చెయ్యి పట్టుకుంటే చల్లగా, వణుకుతూ ఉంది, చొక్కా వీపుకి అంటుకుపోయింది. మిషన్‌లో 58. అది 70 కంటే దిగితే ఇక ఒక్కపొద్దు లేదు, గిక్కపొద్దు లేదు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. స్వామికి పెట్టకముందే ఎంగిలేంటని మా అత్త గొణిగింది. గొణగనీ అనుకున్నా.

నీకు నెల తప్పిందేమోనని అనుమానముంటే ఈ ఏడుకి వదిలెయ్. మీ అత్తగారికి నేను చెబుతాలే.

అల్లుడి మందుల చీటీ ఫోటో తీసి, డాక్టరేమన్నాడో రాసి ఈ వారంలోనే పంపు.

పెద్దమ్మ