మూడు క్రియల పేచీ

అమ్మాయికి ఆశీస్సులు.

ఆకాశం నుంచి భూమ్మీది జీవులకు తగిలిన దెబ్బల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. ఒక్క పేజీలో మూడుసార్లు ఆకాశం బద్దలు కొట్టావు. గ్రహశకలం రాక్షసబల్లులను "తుడిచిపెట్టింది", సూపర్నోవా, అంటే నక్షత్రం పేలుడు, సముద్రజీవులను "కాల్చేసింది", గామా కిరణాల పేలుడు (అంతరిక్షంలో క్షణాల్లో ఎగసే మహా తీవ్రమైన కిరణాల వెల్లువ) ఆర్డొవిషియన్ అనే అతి పురాతన భూగర్భ కాలాన్ని "ముగించింది". (అవి బల్లులు కావు, అయినా ఆ మాట వదలకు, నాకిష్టం.) మూడు క్రియల్లోనూ ఒకటే ధీమా. నా పేచీ అక్కడే. మొదటిదానికి సాక్ష్యం చేతిలో ఉంది, రెండోదానికి సగమే ఉంది, మూడోది ఇప్పటికి ఊహ. "చంపింది", "చంపి ఉండాలి", "చంపి ఉండొచ్చు" అని మన భాషలో మెట్లున్నాయి కదా, వాటిని వాడుకో.

నువ్వు దూసుకొస్తున్న రాయితో మొదలుపెట్టావు. దాన్ని ఎవరూ చూడలేదు. చూసింది మట్టిని. ఇటలీలో గుబియో దగ్గర సున్నపురాయి పొరల మధ్య రాక్షసబల్లులు అంతరించిన నాటి బంకమట్టి సెంటీమీటరు మందాన ఉంటుంది. దాని కింది రాయిని భూతద్దంతో చూస్తే ఇసుక రేణువులంతేసి సముద్రజీవుల గుల్లలు కిక్కిరిసి ఉంటాయి. పై రాయిలో అవి దాదాపు మాయం. మిగిలినవి మరీ చిన్నవి. ఆ కాస్త మట్టి పేరుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో తేల్చాలనుకున్నారు భూగర్భ శాస్త్రవేత్త వాల్టర్ అల్వరెజ్, ఆయన తండ్రి, భౌతిక శాస్త్రవేత్త లూయీ. ఇరిడియం (భూమి పైపొరలో అరుదుగా, గ్రహశకలాల్లో ఎక్కువగా ఉండే లోహం) ఉన్న అంతరిక్ష ధూళి భూమ్మీద నిలకడగా రాలుతుంటుంది, కాబట్టి దాన్ని కొలిస్తే కాలం తెలుస్తుందని లెక్క వేశారు. తీరా చూస్తే మామూలుకన్నా 30 రెట్లుంది! కాలం లెక్క కోసం వెళ్తే హంతకుడి జాడ దొరికింది. గ్రహశకలం గుద్దిందని 1980లో ప్రచురించారు. "మరి గొయ్యి ఏదీ?" అన్నారు జనం. మెక్సికోలోని యుకతాన్ దగ్గర భూమిలో పూడుకుపోయిన 180 కిలోమీటర్ల చిక్షులూబ్ బిలమే అదని 1991లో గానీ తేలలేదు. నువ్వు ఈ పదకొండేళ్లూ ఎగరగొట్టేశావు. కథంతా అక్కడే ఉంది. 6.6 కోట్ల ఏళ్ల కిందటి ఆ చావుల్లో మన దక్కన్ పీఠభూమి మీద అప్పట్లో పొంగిన అగ్నిపర్వతాల లావా వాటా ఎంతన్న వాదన ఇంకా తెగలేదు, దానికీ ఒక వాక్యం ఇవ్వు.

సూపర్నోవా సంగతి వేరు. పేలే నక్షత్రాలు వెదజల్లే ఐరన్-60 అనే రకం ఇనుము 26 లక్షల ఏళ్లకు సగమైపోతుంది. భూమి పుట్టినప్పటిది ఏనాడో హరించుకుపోయి ఉంటుంది. అయినా పసిఫిక్ అడుగున, మిల్లీమీటరు పెరగడానికి లక్షల ఏళ్లు పట్టే రాతి పెచ్చుల్లో అది దొరికింది. చంద్రుడి మట్టిలోనూ దొరికింది. ఇరవై ముప్పై లక్షల ఏళ్ల కిందట మనకు కాస్త దగ్గర్లో నక్షత్రం పేలిందన్నమాట. పేలడం వరకూ "పేలింది" అనే రాయి. కాల్చడం దగ్గరికొచ్చేసరికి కలం ఆపు. దూరం వంద కాంతి సంవత్సరాలకు పైనే, ఇక్కడ ఎవరు చచ్చారో చూపించే గుబియో దానికి లేదు.

ఆర్డొవిషియన్ పేరాలో గామా కిరణాలకు ఓజోన్ పొర చిరగడం బాగా చెప్పావు. కానీ 44.5 కోట్ల ఏళ్ల కిందటి ఆ వినాశనానికి ఇంకో ముద్దాయి ఉన్నాడు, మంచు. అప్పటి హిమానీనదాలు గీరిన గీతలు ఇవాళ సహారా రాళ్ల మీదే కనిపిస్తాయి. గామా కిరణాలకు అలాంటి గీత ఒక్కటీ లేదు.

ఇంకొకటి. ఆకాశం చంపడానికే వస్తుందా? దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ రాళ్లలో 326 కోట్ల ఏళ్ల నాటి దెబ్బ ఆనవాళ్లున్నాయి. ఆ రాయి చిక్షులూబ్ రాయికన్నా పదుల రెట్లు బరువైనదట. సముద్రం పైపొర మరిగి ఆవిరైంది, లోతుల్లోని ఇనుము పైనీళ్లలో కలిసింది, రాయి వెంట ఫాస్ఫరస్ వచ్చింది. ఆ రెండూ మేతగా దొరికి బ్యాక్టీరియా విజృంభించి ఉండవచ్చని 2024లో పరిశోధకులు రాశారు. నీ వ్యాసంలో దీని ఊసే లేదు. గామా పేరా సగానికి కోసి, ఆ ఖాళీలో దీన్ని పెట్టి మళ్లీ పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండనీ.