నాలుగు వేల మైళ్లే అని రాస్తే ఎవరు చూస్తారు?

కూకట్‌పల్లి కుర్రాడి ప్రశ్న ఇది. ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఉద్యోగం వచ్చింది, ఇంటి నుంచి ఆఫీసుకు 15 మైళ్లు. కారు ఇన్సూరెన్సు ఫారంలో ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతారని అడిగారట. 4,000 అని కొడితే ప్రీమియం 60 పౌండ్లు తగ్గుతోందట. ‘ఎవరు చూస్తారు అన్నా?’ అంటున్నాడు.

చూస్తారు తమ్ముడూ. నాది చూశారు.

నేను అక్కడి రెడింగ్ ఊళ్లో మొదటి కారు కొన్నది 2013 మార్చిలో. ఫారం నింపేటప్పుడు నా తెలివి చూడండి. మల్కాజిగిరిలో నాన్న మారుతి ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగేది, అదీ పెళ్లిళ్లకూ యాదగిరిగుట్టకూ. మైలంటే 1.6 కిలోమీటర్లు కదా అని 5,000 మైళ్లు వేశాను. మొదట్లో స్టేషన్ దాకా కారు, అక్కడి నుంచి రైలు. కాబట్టి ఆ అంకె సరిగ్గానే సరిపోయింది. స్టేషన్‌కైనా ఆఫీసు పనిమీదే కదా అని ‘కమ్యూటింగ్’ (పనికి వెళ్లిరావడం) దగ్గర టిక్ కూడా పెట్టాను. ఆ ఏడాది నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

తర్వాత ప్రాజెక్టు స్లౌ అనే ఊరికి మారింది. రైలు పాసు ధర చూసి, అప్పట్లో పౌండును వందతో గుణించి చూసుకునే రోగం ఉండేది కాబట్టి, కారులోనే వెళ్లడం మొదలుపెట్టాను. రోజుకు రానూపోనూ 40 మైళ్లు. నెలకోసారి బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్ బాలాజీ గుడికి, అదో 200. 2014 మార్చిలో రెన్యువల్ కాగితాలు వచ్చాయి. ‘ఈ వివరాలు ఇప్పటికీ సరైనవేనా, చూసుకోండి’ అని మొదటి పేజీలోనే రాసి ఉంది. నేను ప్రీమియం ఎంత పెరిగిందో ఒక్కటే చూసి, కవరు డ్రాయరులో పడేశాను.

నవంబరులో వానలో ఒక రౌండబౌట్ దగ్గర ముందు కారును గుద్దాను. నా బానెట్, రేడియేటర్ పోయాయి, 2,000 పౌండ్ల బిల్లు. గ్యారేజీవాడు మీటరు ఫొటో తీసి పంపాడు: 74,600. మార్చిలో ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష చేయించినప్పటి రీడింగు 66,210. మూడేళ్లు దాటిన కారుకు అక్కడ ఏటా ఆ పరీక్ష ఉంటుంది. నంబరు ప్లేటు తెలిస్తే చాలు, పాత రీడింగులు ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఎనిమిది నెలల్లో 8,390 మైళ్లు. ‘మీరు ఏడాదికి ఎంత అని చెప్పారు?’ అని క్లెయిమ్స్ ఆవిడ ఎంతో మర్యాదగా అడిగింది. నాకు నోట మాట రాలేదు.

నేను కట్టిన ప్రీమియం 600. నిజం చెప్పి ఉంటే 750 అయ్యేదట. అంటే నూటికి ఎనభై వంతే కట్టాను, వాళ్లూ బిల్లులో ఎనభై వంతే ఒప్పుకున్నారు: 1,600. అందులోంచి ఎక్సెస్ (క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన వాటా) 350 పోను, నా చేతి నుంచి పడింది 750. నూట యాభై మిగిలిందనుకున్న చోట! రూపాయల్లో 75 వేలు. ఆ డబ్బు అక్క ఇంటి బోరుకు పంపుతానని మాటిచ్చినది. బోనస్ లేటయిందని అబద్ధం చెప్పి నాలుగు నెలలు నెట్టుకొచ్చాను.

ముందు కారువాడికి మాత్రం కంపెనీ పూర్తిగా కట్టింది. థర్డ్ పార్టీ విషయంలో చట్టం గట్టిది. నాది అజాగ్రత్త కింద తేలింది కాబట్టి కోతతో పోయింది. తెలిసి తెలిసి తక్కువ రాశారని తేలితే పాలసీనే రద్దు చేసి, క్లెయిమ్ మొత్తం ఎగ్గొట్టొచ్చు. 2012 నాటి వినియోగదారుల ఇన్సూరెన్సు చట్టంలో ఉంది, చదువుకోండి. మీరు 60 పౌండ్ల కోసం అడుగుతున్నది ఆ రెండో రకం, గుర్తుంచుకోండి.

మధ్యలో మైళ్లు పెరిగితే భయం లేదు. నాలుగు మైళ్లు దాటినంత మాత్రాన పాలసీ ఏమీ చచ్చిపోదు. ఫోన్ చేసి కొత్త అంకె చెప్పండి. 2019లో నేను అలా చేస్తే తేడా 27, మార్చినందుకు ఫీజు 25 తీసుకున్నారు. ఫీజు చూసి కడుపు మండింది కానీ కట్టాను. కొన్ని చవక పాలసీలు ఇన్ని మైళ్లకే అని గిరిగీస్తాయి. అవి దాటేలా ఉంటే ముందే అదనపు మైళ్ల టాప్-అప్ కొనాలి, ఆ షరతు చదవకుండా కొనకండి. మన దగ్గరా 2022 నుంచి నడిపినంతకే కట్టే యాడ్-ఆన్‌లు వచ్చాయి. మా మేనల్లుడు కిలోమీటర్ల స్లాబు తీసుకుని, ఇప్పుడు సగం రోజులు మెట్రోలో తిరుగుతున్నాడు.

ఇప్పుడు నాకు రెండు కార్లు. పదేళ్లుగా ఒక్క క్లెయిమ్ లేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున మీటరు ఫొటో తీస్తాను. మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీ.

మీ లెక్క నేనే వేసి పెడతాను. రోజుకు 30 మైళ్లు, ఏడాదికి 225 పనిదినాలు, 6,750. గుళ్లు, స్నేహితుల ఇళ్లు, ఇండియన్ కొట్టు కలిపి ఇంకో రెండు వేలు. 9,000 అని కొట్టండి, కమ్యూటింగ్ టిక్ పెట్టండి. ఇండియా లైసెన్సు అక్కడ 12 నెలలే చెల్లుతుంది, ఆ సంగతి విడిగా చూసుకోండి.

సెలవుల్లో మల్కాజిగిరి వచ్చి అక్కావాళ్ల వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. పక్కన అక్క చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఇంతసేపు ఏం రాస్తున్నావురా అంది. ఎవరో కారు గురించి అడిగారులే అన్నాను.