రోడ్డు మీద గట్టు వేయొచ్చా?

ప్రశ్న: ఓవర్సీరు గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. తారురోడ్డు పడ్డాక బైకులు, ట్రాక్టర్లు పట్టపగ్గాల్లేకుండా పోతున్నాయి. మలుపు తిరగ్గానే బడి. మా కుర్రాళ్లు కోపం పట్టలేక రాళ్లూ మట్టీ పోసి అడ్డంగా గట్టు వేశారు. వారం తిరక్కుండా దాని మీద బండి ఎగిరి, వెనక కూర్చున్న ముసలామె పడి తుంటి విరిగింది. గట్టు తీసేయాలని సగం మంది, ఇంకోటి వేయాలని సగం మంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ గట్టు తీయించండి. రేపటిదాకా ఆగకండి. రోడ్లకు ప్రమాణాలు పెట్టే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల్లో గుండ్రటి స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. అంటే పన్నెండు అడుగుల మేర నెమ్మదిగా లేచి దిగాలి, లేచేది నాలుగు అంగుళాలే. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చినవాడికి ఏమీ కాదు, అంతకు మించితే నడుముకు తెలుస్తుంది. దాని మీద తెల్లచారలు, కాస్త ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి. కుర్రాళ్లు వేసే గట్లు నేను సర్వీసులో చాలా చూశాను. అడుగు వెడల్పు, ముప్పాతిక అడుగు ఎత్తు, చీకటిపడితే కనబడవు. దూకుడుగా వచ్చేవాడు పక్కనున్న మట్టిలోంచి తప్పించుకు పోతాడు. పడేది మెల్లగా వచ్చే ముసలాళ్లే.

తరువాత, సరైన స్పీడ్ బ్రేకర్ కోసం అర్జీ పెట్టాలంటే రోడ్డు ఎవరిదో చూడండి. కిలోమీటరు రాయి తల పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నారింజ రంగైతే గ్రామీణ రోడ్డు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డైతే అయిదేళ్లు మరమ్మతు చూడాల్సింది వేసిన కాంట్రాక్టరే. పని ఎవరిది, ఎప్పుడు పూర్తయింది అన్నది బోర్డు మీద రాసి ఉంటుంది. గేదెలు వీపు రుద్దుకోవడానికే ఆ బోర్డు అని మనవాళ్లు అనుకుంటారు గానీ, అర్జీలో ముందు రాయాల్సింది అదే.

ఇక అసలు సంగతి మలుపు. బడి వదిలే వేళకు మీరే అక్కడికి వెళ్లి, రెండో తరగతి పిల్ల ఎత్తుకు వంగి చూడండి. బండి ఎంత దూరంలో ఉండగా కనబడుతోంది? గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో పదహారు, పదిహేడు మీటర్లు వచ్చేస్తుంది. డ్రైవరు కాలు బ్రేకు మీదికి వెళ్లేలోగానే అంత దూరం అయిపోతుంది. మలుపు లోపలివైపు తుప్పలు పెరిగి ఉంటే కత్తులు పట్టుకుని నలుగురు ఒక పూటలో కొట్టేయొచ్చు. దానికి ఏ ఆఫీసుకూ తిరగనక్కర్లేదు. నన్నడిగితే స్పీడ్ బ్రేకర్ కన్నా ముందు జరగాల్సింది ఇదే.

కార్తీకం దాటితే రోడ్లన్నీ కళ్లాలే. సగం రోడ్డు మీద ధాన్యం పోస్తారు, చుట్టూ తలకాయంత రాళ్లు పేరుస్తారు. సాయంత్రం ధాన్యం ఎత్తుతారు, రాళ్లు మాత్రం ఎత్తరు. రాత్రి బైకు మీద వచ్చేవాడికి అది రాయో నీడో తెలిసేలోపే పని అయిపోతుంది. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీదీ ఇదే తంతు. వెనక ఎర్రటి రేడియం స్టిక్కరు అంటించనిదే ఊళ్లో ట్రాలీ నిలపనివ్వబోమని, ఊరంతా కూడే పల్లిసభలో వార్డు మెంబరు చేత తీర్మానం రాయించండి. రాళ్ల సంగతీ అందులోనే పెట్టించండి. ఊళ్లో వాళ్లకు కోపాలొస్తాయి, రానివ్వండి.

అర్జీ ఒడియాలో రాయించండి. బడికెళ్లే మీ పిల్లలే మనకన్నా బాగా రాస్తారు. కలెక్టరు, ఎస్పీ కలిసి కూర్చునే ప్రజా ఫిర్యాదుల విచారణలో ఇచ్చి, నంబరు వేసిన రసీదు అడగండి. దానితోపాటు ఒక నోటుబుక్కు నకలు జత చేయండి: ఏ తేదీ, ఏ వేళ, ఏ వైపు నుంచి వచ్చిన ఏ బండి, ఎవరికి ఏ దెబ్బ. మోకాలు చెక్కుకుపోయినవీ రాయండి. జాతీయ రహదారి మీద 500 మీటర్ల లోపల మూడేళ్లలో చావులో పెద్ద గాయాలో అయిన ప్రమాదాలు అయిదు జరిగితే, లేదా పది మంది చనిపోతే, ఆ చోటును బ్లాక్‌స్పాట్ అంటారు. మీ రోడ్డు చిన్నదైనా అధికారి అడిగేది అలాంటి లెక్కే. ఆ ముసలామె సంగతి ఠాణాలో రాయించారా? గట్టు వేసినవాళ్లు మనవాళ్లేనని ఊరుకుని ఉంటారు.

ప్రశ్న: దెబ్బ తగిలినవాణ్ని ముట్టుకుంటే కేసు మన మెడకే చుట్టుకుంటుందంటారు. నిజమా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: కాదు నాయనా. 2016లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది, అదే 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షనుగా చేరింది. సాయం చేసినవాడు పేరూ అడ్రసూ చెప్పి తీరాలని పోలీసులు గానీ ఆసుపత్రివాళ్లు గానీ పట్టుబట్టకూడదు. 108కి ఫోన్ చేసేటప్పుడు మాత్రం ఊరి పేరుతోపాటు ఒడిశా అనీ, బ్లాకు పేరూ మొదటే చెప్పండి. సరిహద్దులో మన ఫోను పట్టేది ఒక్కోసారి అవతలి ఆంధ్ర టవరు.