కంప కొట్టే ముందు

నాయనా,

నీ ఫోను వచ్చినప్పటి నుంచి మనసు నిలవడం లేదు. లంకమల కింద మన మూడెకరాల్లో నిమ్మ పెడతానంటివి, సంతోషం. సోమవారం జేసీబీ వస్తుందంటివి, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది.

"ఆ కంప దేనికీ పనికిరాదు పెదనాయనా" అంటివి. నీ వయసులో నేనూ అదే అన్నా. వంక గట్టు మీది రేగు, కలివి, బలుసు ఒక్క పొద వదలకుండా కొట్టించా. ఆ ఏడు రెండు గట్టి వానలకే గట్టు జారి పైమన్నంతా బావిలోకి చేరింది. పూడిక తీయించా గానీ, పోయిన సారం చేనికి తిరిగి రాలేదు. ఆ తప్పు నీచేత చేయించడం నాకిష్టం లేదు.

ఇంకో సంగతి. కలివికోడి పేరు విన్నావు కదా, దాని గురించి ఎప్పుడైనా ఆలోచించావా? 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనబడక, ఆ పిట్ట ఇక లేదనే అనుకున్నారు. 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. పిట్టలు పట్టే ఇక్కడి వాళ్లకు దాని సంగతి ముందే తెలుసు. దానికోసమే లంకమలను అభయారణ్యం చేశారు, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. అది రాత్రిపూట నేల మీద తిరిగే పిట్ట. దట్టమైన అడవి దానికి నప్పదు, బోడి నేలా నప్పదు. పొదకూ పొదకూ మధ్య నడవడానికి కాస్త ఖాళీ ఉన్న ఈ ముళ్లకంపే దాని ఇల్లు. మన చేలో అది ఉందని నేననను. ఇట్లాంటి చోటు ఒక్కొక్కటే పోతే రేపు అది ఎక్కడికి పోవాలి?

అందుకని ముందు సర్వే చేయించి హద్దురాళ్లు చూసుకో. అడవి వైపు ఒక్క అడుగు కూడా జరగొద్దు. సర్కారు తుమ్మ మాత్రం తీసెయ్, అది మన నేలది కాదు. పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో పెకలించాల. కాయ రాకముందే చెయ్, లేకుంటే మేకలు తిని గింజలు ఊరంతా చల్లుతాయి. వంక గట్టునా, అడవి హద్దునా ఉన్న పాత పొదలు అట్లే ఉంచు. కంపలో చిన్న తేనెటీగలు పట్టు పెడతాయి, నీ నిమ్మపూతకు అవే వస్తాయి. కొట్టిన కంప తగలబెట్టొద్దు, నిప్పు గాలికి కొండ మీదికి పాకితే ఆపలేం. దాంతో పొలం చుట్టూ కంచె వేసుకో.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తా. సున్నం డబ్బా, పాత బ్రష్షు సిద్ధంగా పెట్టు. ఉంచాల్సిన పొదల దగ్గర రాళ్లకు గుర్తులు పెడదాం, డ్రైవరుకు చూపించడానికి సులువుగా ఉంటుంది.

మీ పెదనాయన