ఈస్ట్రోజెన్ మాత్రలు వాడవచ్చా అని అడిగారు, నాకు జరిగింది చెబుతాను

మీ అమ్మగారికి 49 ఏళ్ళని, మూడేళ్ళ క్రితం గర్భసంచి తీయించారని, ఒంట్లో ఆవిర్లు భరించలేక వెళ్తే డాక్టరు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ మాత్రలు రాశారని, "అవి మింగితే క్యాన్సర్ వస్తుంది" అంటూ మీ పెద్దమ్మ మాన్పించారని రాశారు. వాడవచ్చా అన్నది మీ ప్రశ్న. నేను డాక్టర్ని కాను, ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచర్ని. కానీ ఆ మాత్ర ఎనిమిదేళ్ళు వాడాను. అంతకు ముందు ఏడేళ్ళు అది లేక నలిగిపోయాను. మీ పెద్దమ్మగారి మాట మీద ఆ చీటీని పక్కన పెట్టకండి.

2009లో, నాకు 36 ఏళ్ళప్పుడు, నెలసరిలో రక్తం విపరీతంగా పోతోందని మా పట్నంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాం. గర్భసంచి వాచింది, ఉంచితే ముందు ముందు క్యాన్సర్ కావచ్చు అన్నారు. ఇద్దరు పిల్లలున్నారు కదా, ఇంక దానితో పనేముందని మా అత్తయ్యగారు కూడా అన్నారు. ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద మా ఆయన సంతకం పెట్టారు, వారంలో ఇంటికి వచ్చేశాను. మా వైపు ఇదేమీ వింత కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు తొమ్మిది మంది గర్భసంచి తీయించుకున్నవారే. దేశం మొత్తం మీద చూస్తే ఆ లెక్క మూడు దగ్గర ఉంది. తెలంగాణ లెక్క కూడా మన లెక్కకు దగ్గరలోనే ఉంది.

ఆపరేషన్ అయిన నెల తిరగకముందే మొదలైంది. పాఠం చెబుతూ ఉండగా గుండెల్లోంచి మంట లేచి మెడ మీదుగా ముఖానికి ఎక్కేది. చెమటకు సుద్దముక్క వేళ్ళలోంచి జారిపోయేది. డిసెంబరు చలిలో ఫ్యాను వేసుకుంటే పిల్లలు దుప్పట్లు కప్పుకుని ముడుచుకుపోయేవారు. రాత్రి మూడు గంటలకు లేచి జాకెట్టు మార్చుకునేదాన్ని. కారణం లేకుండా ఏడుపు వచ్చేది. కీళ్ళు పట్టేసేవి. ఎవరికి చెప్పినా ఒకటే మాట, "వేడి చేసింది, మజ్జిగ తాగు, సబ్జా గింజలు నానబెట్టి తాగు." ఏడేళ్ళు తాగాను.

2016 వానాకాలంలో బడి వరండాలో కాలు జారి నిలుచున్న చోటనే పడ్డాను. చేయి ఆనించానంతే, మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇంత చిన్న పాటుకు ఈ వయసులో విరగకూడదమ్మా. నెలసరి ఎప్పుడు ఆగింది?" అని అడిగారు. గర్భసంచి తీశారన్నాను. "అండాశయాలు ఉంచారా, తీశారా?" అన్నారు. నాకు తెలియలేదు. మా ఆయనకూ తెలియదు. గుంటూరులో ఒక స్త్రీల వైద్యురాలి దగ్గరకు పంపుతూ, ఆపరేషన్ కాగితాలు తప్పక తీసుకువెళ్ళమన్నారు.

ట్రంకు పెట్టె అడుగున, పాత రేషను కార్డుకూ పెద్దవాడి మార్కుల జాబితాకూ మధ్య దొరికింది ఆ డిశ్చార్జి కాగితం. నాలుగు మడతలు, మడత దగ్గర చిరుగు, కలరా ఉండల వాసన. ఆ డాక్టరమ్మ దాన్ని బల్ల మీద అరచేత్తో సాపు చేసి, ఒక వరుస కింద పెన్ను మొన ఆనించారు. టి.ఎ.హెచ్. అని ఉంది, పక్కన కూడిక గుర్తు, ఆ తర్వాత బి.ఎస్.ఓ. "మొదటిది మీ గర్భసంచి. కూడిక తర్వాత ఉన్నది మీ రెండు అండాశయాలు, గొట్టాలు. అన్నీ తీసేశారు. మీకు చెప్పలేదా?" అన్నారు. దానికి పిన్ను కొట్టి ఉన్న బయాప్సీ రిపోర్టు కూడా చదివారు. అండాశయాల్లో ఏ జబ్బూ లేదని అందులో స్పష్టంగా ఉంది. ఆ కూడిక గుర్తు మీదనే నా చూపు ఆగిపోయింది. ఏడేళ్ళుగా అది నా ఇంట్లోనే, నా చీరల కిందే ఉంది.

ఆవిడ చెప్పాక అర్థమైంది. ఆడవాళ్ళ ఒంట్లో ఈస్ట్రోజెన్ ఎక్కువగా తయారయ్యేది అండాశయాల్లోనే. వయసు వచ్చి ముట్లుడిగితే అది కొన్నేళ్ళ మీద తగ్గుతూ పోతుంది. కోసి తీసేస్తే ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది. ఎముకను నిలబెట్టేది కూడా అదే, అందుకే నా ఎముకలు గుల్లబారాయి. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో వెన్నెముక లెక్క మైనస్ 2.7 వచ్చింది, మైనస్ 2.5కే గుల్లబారినట్టు లెక్క. 45 ఏళ్ళలోపు రెండు అండాశయాలూ తీసేసినవారికి, వాడకూడని కారణం ఏదీ లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలన్నది వైద్యంలో ఒప్పుకున్న పద్ధతే. నాకు ఇవ్వాల్సింది 36లో, ఇచ్చింది 43లో. బీపీ చూసి, మామోగ్రామ్ తీయించి, ఎస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్‌లోనే ఒక రకం) రెండు మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి రాశారు. పదిహేనో రోజున తెల్లవారుజాము అయిదింటి దాకా మెలకువ రాకుండా నిద్రపోయాను. మా ఆయన కంగారుపడి నన్ను లేపారు.

ఆ కోపం నాకు ఇప్పటికీ తీరలేదు. ఒక మనిషి ఒంట్లోంచి ఒక అవయవం తీసినప్పుడు తీశామని చెప్పాలి కదా? దానికి బదులు ఏం వాడాలో చీటీ మీద రాయాలి కదా? ఈ రెండూ చేయనివారు కత్తి పట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక మీ పెద్దమ్మగారి భయం సంగతి. అది 2002లో పుట్టింది. అమెరికాలో ఈ హార్మోన్ మాత్రల గురించి పదహారు వేల మందికి పైగా స్త్రీల మీద జరుగుతున్న పెద్ద అధ్యయనాన్ని ఆ జులైలో మధ్యలో ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ పెరిగిందని పత్రికలన్నీ రాశాయి. పెరిగిన మాట నిజమే, ఏడాదికి పది వేల మందిలో ఎనిమిది మందికి అదనంగా వచ్చింది. కానీ వాళ్ళు వాడినది ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ అనే ఇంకో ఆడ హార్మోన్‌లా పనిచేసే మందు) కలిపిన మాత్ర, వాళ్ళ సగటు వయసు 63. గర్భసంచి లేని స్త్రీలకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగాన్ని 2004లో పక్షవాతం ముప్పు వల్ల ఆపారు. అందులో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, తర్వాతి ఏళ్ళలో చూస్తే తగ్గింది కూడా. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల డబ్బాల మీది పెద్ద హెచ్చరికలను చాలావరకు తీయిస్తున్నట్టు ప్రకటించింది. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపొరకు క్యాన్సర్ రావచ్చన్న హెచ్చరికను మాత్రం ఉంచారు. అలాంటివారికి ప్రొజెస్టిరాన్ కూడా కలిపి ఇస్తారు.

నాకు అర్థం కానిది ఇంకొకటి ఉంది. గృహప్రవేశానికో తిరుపతి ప్రయాణానికో నెలసరి అడ్డు వస్తుందని మందుల షాపులో నోటిమాట మీద వాయిదా మాత్రలు కొనుక్కుంటారు. డాక్టరు ఉండరు, చీటీ ఉండదు. అవీ హార్మోన్ మాత్రలే, కొందరిలో రక్తం గడ్డకట్టించగలవు. మా బంధువుల్లోనే అమ్మలు దగ్గరుండి కూతుళ్ళ చేత మింగిస్తారు. వాళ్ళే నా ఈస్ట్రోజెన్ డబ్బా చూసి ముఖం చిట్లించారు. పూజకు పనికివచ్చే హార్మోన్ మంచిది, ఆడమనిషి నిద్రకూ ఎముకకూ పనికివచ్చే హార్మోన్ చెడ్డదా?

51 నిండాక డాక్టరమ్మ చెప్పినట్టే మాత్ర ఆపాను. ఇప్పుడు వారానికి రెండు సార్లు యోని లోపల రాసుకునే ఈస్ట్రియోల్ (ఇదీ ఒక రకం ఈస్ట్రోజెనే) క్రీము మాత్రం వాడుతున్నాను. పొడిబారడం వల్ల మాటిమాటికీ మూత్రంలో మంట వచ్చేది, ఇప్పుడు లేదు. దాని వల్ల రక్తంలోకి చేరే మందు చాలా తక్కువ. మొదటిసారి కొన్నప్పుడు షాపు కుర్రాడు అందరి ముందు పేరు గట్టిగా చదివి, ఎలా వాడాలో మాత్రం చెప్పలేదు. మా తోటి టీచరు ఒకామె అదే క్రీమును నెలరోజులు పైపైన రాసుకుని పనిచేయడం లేదని పారేశారు.

మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ గానీ, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం గానీ, పక్షవాతం, గుండెపోటు గానీ ఎప్పుడైనా వచ్చి ఉంటే, కాలేయ జబ్బు ఉంటే, కారణం తెలియని రక్తస్రావం ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి, అప్పుడు దారి వేరు. అవేమీ లేకపోతే 49 ఏళ్ళకు ఇది వాడదగిన మందే. బీపీ ఉంటే చర్మానికి రాసుకునే జెల్ గురించి అడగండి, రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రతో కంటే దానితో తక్కువ. డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు ఆమె ఆపరేషన్ కాగితం వెతకండి. బీరువాలోనో పెట్టెలోనో ఉంటుంది. కూడిక గుర్తు ఉందేమో, దాని పక్కన ఏముందో చూడండి. ఫొటో తీసి మీ ఫోనులో ఒకటి, ఆమె ఫోనులో ఒకటి ఉంచండి.