చివరి సీటు నుంచి మొదలుపెట్టు

చి.సౌ. శిరీషకు,

మావయ్య ఆశీస్సులు. మీరు మూడు వరుసల బండి కొంటున్నారనీ, అల్లుడుగారికి టయోటా ఫార్చ్యూనర్ మీద మనసుందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మైలేజీ, పికప్ సంగతులు ఆయన చూసుకుంటారు. కాకినాడలో ట్రావెల్స్ నడిపినవాణ్ణి కాబట్టి నేను కూర్చునే సంగతి రాస్తాను. దిగేటప్పుడు వెనక సీటువాళ్ళ మొహం చూస్తే బండి ఎలాంటిదో తెలిసిపోయేది.

ముందు ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఒక కాగితం మీద రాసుకో. అల్లుడుగారు స్టీరింగ్ దగ్గర, ఆరడుగుల మీ మామగారు ఆయన పక్కన. మోకాళ్ళ నొప్పులతో మీ అత్తగారు మధ్య వరుసలో, చిన్నది చైల్డ్ సీటులో ఆవిడ పక్కనే. ఇక మిగిలింది నువ్వూ, పెద్దాడూ. అంటే వెనక వరుస నీదే. మన ఇళ్ళలో అది ఎప్పుడూ కోడలి సీటేలే! అందుకని షోరూమ్‌కి వెళ్ళగానే ముందు తలుపు తీయకు. నేరుగా వెనక్కి ఎక్కి కూర్చో.

బండి పొడుగు చూసి లోపల చోటు ఉంటుందనుకోవద్దు. ఫార్చ్యూనర్ పొడవు 4795 మిల్లీమీటర్లు, మారుతి ఎర్టిగా కంటే ఒక అడుగు పైనే ఎక్కువ. కానీ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, అదే వీల్‌బేస్, చూడు. ఫార్చ్యూనర్‌ది 2745, ఎర్టిగాది 2740. తేడా అయిదు మిల్లీమీటర్లు! మనుషులు కూర్చునేది చాలావరకు ఆ చక్రాల మధ్యే. పైగా ఫార్చ్యూనర్, మహీంద్రా స్కార్పియో-ఎన్ లాంటివి ఛాసిస్ మీద, అంటే లారీకి ఉన్నట్టు విడిగా ఉండే ఇనప చట్రం మీద, కట్టిన బండ్లు. కింద ఆ ఛాసిస్, వెనక చక్రాలని కలిపే యాక్సిల్ ఉండేసరికి ఫ్లోర్ పైకి వస్తుంది. ఫ్లోర్ పెరిగినంత సీటు పెరగదు, పైన టాప్ తగులుతుంది కదా. అప్పుడు మోకాళ్ళు గడ్డం వైపు లేస్తాయి.

దీన్ని పట్టుకోవడానికి టేపు అక్కర్లేదు. వెనక సీటులో వీపు ఆనించి కూర్చుని, మోకాలి దగ్గర తొడకీ సీటుకీ మధ్య అరచెయ్యి దూర్చి చూడు. చెయ్యి సులువుగా లోపలిదాకా పోయిందంటే తొడకి ఆసరా లేనట్టే, బరువంతా నడుం కింద పడుతుంది. షోరూమ్‌లో అయిదు నిమిషాలు కూర్చుంటే ఏమీ తెలియదు. హైదరాబాద్‌లో బయలుదేరి సూర్యాపేటలో టీకి దిగేసరికి నడుం పట్టేస్తుంది. అక్కణ్ణుంచి కాకినాడ ఇంకా ఎంత దూరమో నీకు నేను చెప్పాలా?

సేల్స్ కుర్రాళ్ళ దగ్గర ఒక చిట్కా ఉంటుంది. మధ్య సీటుని బాగా ముందుకు జరిపేసి, "చూడండి మేడమ్, వెనక ఎంత లెగ్‌రూమో" అంటారు. నువ్వు మాత్రం మీ అత్తగారిని మధ్యలో కూర్చోబెట్టి, ఆవిడ కాళ్ళు హాయిగా చాపుకునేలా సీటు సర్దించి, ఆ తర్వాత వెనక్కి ఎక్కు. అప్పుడు నీ మోకాలు ముందు సీటుకి తగలకపోతేనే అది నీ చోటు. ఎర్టిగా, కియా కారెన్స్, ఇన్నోవా హైక్రాస్‌లలో మధ్య వరుస ముందుకీ వెనక్కీ జరుగుతుంది కాబట్టి ఇద్దరూ సర్దుకోవచ్చు. మహీంద్రా ఎక్స్‌యూవీ 700లో వీపు వాలుతుంది గానీ సీటు జరగదు. ముందు వరుసల్లో అంత సుఖంగా ఉండే బండిలో ఈ లోటేమిటో నాకు అర్థం కాదు.

ఇక ఎక్కడం, దిగడం. మీ అత్తగారికి సీటు ఆవిడ తుంటి ఎత్తులో ఉండాలి. పక్కకి తిరిగి కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకుంటే పని అయిపోవాలి. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి, పిడి పట్టుకుని పైకి లాక్కోవలసిన బండి ఆవిడకి వద్దు. నువ్వు వెనక్కి వెళ్ళడానికి మధ్య సీటు మడవాలి, కానీ చైల్డ్ సీటు బిగించిన సీటు మడత పడదు. చిన్నదాని సీటు డ్రైవర్ వెనక పెట్టించి, ఎడమవైపు సీటు మడిచి ఎక్కుదామంటే ఆగిన చోటల్లా మీ అత్తగారిని దింపాలి. అందుకే మీకు ఒకటే పొడుగు బెంచ్ సీటు కన్నా, విడివిడిగా ఉండి మధ్యలో దారి ఉండే కెప్టెన్ సీట్లు మేలు. పెద్దాడు ఆ సందులోంచి దూరిపోతాడు, నువ్వు కాస్త వంగాలి. ఆరుగురికి ఆరు సీట్లు సరిపోతాయి. ఏడోది చుట్టాల కోసం అంటావేమో, వాళ్ళు బస్సెక్కి వస్తారు.

వెనక వరుసకి ఏసీ గాలి ఎక్కణ్ణుంచి వస్తుందో చెయ్యి పెట్టి చూడు. వెనక అద్దం తలకి దగ్గరగా ఉంటుంది, మే నెల ఎండ తిన్నగా మెడ మీదే పడుతుంది. గాలి మధ్య వరుసవాళ్ళని దాటి రావాలంటే కష్టం. గుద్దుకున్నప్పుడు పక్క కిటికీల మీద తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మూడో వరుస దాకా ఉందా అని కూడా అడుగు. పెద్దాడికి కారు ప్రయాణంలో వాంతులుంటే వెనక యాక్సిల్ మీద కుదుపు ఇంకా ఎక్కువని గుర్తుపెట్టుకో. శ్రీశైలం ఘాట్‌లో వాణ్ణి ముందుకి పంపి, తాతగారిని వెనక్కి రమ్మంటావా? రారు.

సామాను మాట. అన్ని సీట్లూ నిలబెట్టాక మిగిలే డిక్కీ హ్యుందాయ్ ఆల్కజార్‌కి 180 లీటర్లు, ఎర్టిగాకి 209, కారెన్స్‌కి 216, హైక్రాస్‌కి 300. సంక్రాంతికి వచ్చేటప్పుడు బట్టలే కదా అనుకుంటావు, వెళ్ళేటప్పుడు మీ అమ్మ కట్టిచ్చే బియ్యం, పచ్చళ్ళు, కాజాలు ఎక్కడ పెడతావు? ఎర్టిగా సీఎన్‌జీ తీసుకుంటే సిలిండర్ డిక్కీలోనే కూర్చుంటుంది, ఆ లెక్కా వేసుకో.

నన్నడిగితే డబ్బు ఉంటే హైక్రాస్. 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టా వీల్‌బేస్ 2750 అయితే దీనిది 2850. బండి మొత్తం మీద పెరిగిన పొడవు 20 మిల్లీమీటర్లే, చక్రాల మధ్య పెరిగింది 100. ఆ చోటంతా లోపల తెలుస్తుంది. బడ్జెట్ అంత లేకపోతే కారెన్స్ చూడండి. ఫార్చ్యూనర్ గురించి అల్లుడుగారికి నేను చెప్పానని చెప్పకు, ఒక్కసారి ఆయన్నే దాని వెనక వరుసలో కూర్చోబెట్టి ఔటర్ రింగ్ రోడ్డు సగం తిప్పించు.

టెస్ట్ డ్రైవ్ బండి ఇంటికి తెప్పించుకో, ఆరుగురూ ఎక్కండి. వాళ్ళు తెచ్చేది టాప్ మోడల్ అయి ఉంటుంది. మీరు బుక్ చేసే వేరియంట్‌లో అవే సీట్లు, అవే వెనక ఏసీ వెంట్లు ఉన్నాయో లేదో బ్రోచర్‌లో వేలు పెట్టి చూపించమను. కెప్టెన్ సీట్లన్నది ఆర్డర్ ఫారం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.

మీ
మావయ్య